మిద్దె ఎక్కని యాంటెన్నా

రెండు నెలల క్రితం మా చిన్నాయన కొడుకు ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశాడు. వాడు ఈసీఈ ఆఖరి సంవత్సరం. వాడు నాకు ఫోన్ చేస్తే మామూలుగా రెండే కారణాలుంటాయి: రీఛార్జి, లేకపోతే నా పాత లాప్‌టాప్. ఈసారి మూడోది.

"అన్నా, ప్రాజెక్టు టైటిల్ ఇచ్చినారు. డిజైన్ ఆఫ్ వైడ్‌బ్యాండ్ ప్రింటెడ్ డైరెక్షనల్ యాంటెన్నా ఫర్ వైర్‌లెస్ కమ్యూనికేషన్. హైదరాబాదులో ఒక సెంటర్లో అడిగితే పద్నాలుగు వేలంట. సిమ్యులేషన్ ఫైలు, రిపోర్టు, పీపీటీ అన్నీ వాళ్ళే ఇస్తారంట. నలుగురం వేసుకుంటే తలా మూడున్నర వేలు. కొనేద్దామా?"

ముందు నవ్వొచ్చింది. ఆ వెనకాలే సిగ్గేసింది. ఎందుకంటే ఆ టైటిల్ నాకు బాగా తెలుసు. 2018లో నేను "రాసిన" (అంటే జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, బంగారు అక్షరాల అట్ట వేయించిన) రిపోర్టు మీద వైడ్‌బ్యాండ్ బదులు డ్యూయల్ బ్యాండ్ అని ఉంటుంది. మిగతాదంతా అదే.

మా కథ చెప్తా, నవ్వకండి. మేమూ నలుగురమే. ఫైలు మెయిల్లో వచ్చింది. హెచ్ఎఫ్ఎస్ఎస్‌లో తెరిచాం, రన్ కొట్టాం, ఒక గీత కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి రిపోర్టులో పెట్టాం. వైవా రోజు బయట నుంచి వచ్చిన సారు "బ్యాండ్‌విడ్త్ ఎంత?" అని అడిగారు. గీత మైనస్ పది డీబీ కింద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో వేలుపెట్టి చూపించాను. "గుడ్" అన్నారు. అయిపోయింది. ఆర్నెల్ల యాంటెన్నా ప్రాజెక్టులో నా చేతికి రాగి అంటలేదు. నా ఒక్కడి కథే కాదు ఇది. ఈ టపా చదువుతున్నవాళ్ళలో ఈసీఈ చదివి జావా రాసుకుంటూ ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్ళు సగం మందైనా ఉంటారు. మీ రిపోర్టు అట్ట మీద ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి.

వాడికి ఏం చెప్పాలో ఆ రోజు తోచలేదు. "రెండ్రోజులు ఆగరా" అన్నాను. ఆ రెండ్రోజులూ బుర్రలో తిరిగినవే ఇవన్నీ.

ముందు ఆ పొడుగాటి టైటిల్ లో ఏముందో చూద్దాం.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా మిద్దె మీద ఒక అల్యూమినియం యాంటెన్నా ఉండేది, దూరదర్శన్ కాలం నాటిది. నాకు ఊహ తెలిసేటప్పటికే కేబుల్ వచ్చేసింది కాబట్టి నాకు తెలిసినంతవరకు అది మా జేజి గుడ్డలారేసుకునే దండెం. కానీ నాయన ఇప్పటికీ ఆ కథ చెప్తాడు. ఒకరు మిద్దె మీద గొట్టం తిప్పడం, ఒకరు వాకిట్లో నిలబడి కేకలు అందించడం, ఇంకొకరు టీవీ ముందర. "వచ్చెనా?" "రాల్యా!" "ఇప్పుడు?" "బొమ్మ వచ్చె, మాట రాల్యా!"

ఆ దండేనికి పేరు యాగీ-ఉడా యాంటెన్నా. 1926లో జపాన్‌లో షింతారో ఉడా, హిదెత్సుగు యాగీ అనే ఇద్దరు దాన్ని లోకానికి చెప్పారు. ఒక కడ్డీకి మాత్రమే వైరు కడతారు. దాని వెనక కొంచెం పొడుగు కడ్డీ, ముందర వరసగా పొట్టి కడ్డీలు. వెనకది అద్దంలా తిప్పి కొడుతుంది, ముందరివి దారి చూపిస్తాయి. అందుకే అది ఒకవైపే చూస్తుంది. డైరెక్షనల్ అంటే ఇంతే. అదనంగా శక్తి పుట్టించదు. నాలుగు దిక్కులకూ పోయేదాన్ని ఒక దిక్కుకు తిప్పుతుంది, అంతే. చేన్లో నీళ్ళకు గట్టు వేసి ఒక మడికి మళ్ళించినట్టు. అన్నట్టు, 1942లో సింగపూరును పట్టుకున్న జపాన్ సైన్యానికి బ్రిటిష్‌వాళ్ళ రాడార్ కాగితాల్లో "యాగీ" అనే మాట కనపడితే, అదేమిటో తెలీక ఖైదీని అడిగి, అది తమ దేశస్థుడి పేరేనని తెలుసుకుని నోరెళ్ళబెట్టారని ఒక కథ చెబుతారు. తమ కాలేజీలో పుట్టిన వస్తువును తాము వాడుకోకపోవడం మన ఒక్కరి జబ్బే కాదన్నమాట.

యాగీతో చిక్కేమిటంటే దాని కడ్డీల పొడవు ఒక ఫ్రీక్వెన్సీకి కొలిచి కోసింది. ఆ ఫ్రీక్వెన్సీలో సగం తరంగం ఎంత పొడుగో వైరు కట్టిన కడ్డీ దాదాపు అంత ఉంటుంది. దూరదర్శన్‌కి ఒక్క ఛానెలే కాబట్టి సరిపోయింది. మరి ఇప్పటి ఫోనుకో? మన దేశంలో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ లాంటి చోట్ల నడుస్తుంది. 2022 అక్టోబరులో మొదలైన 5జీ 3300 పైన కూడా నడుస్తుంది. 850కి సగం తరంగం పదిహేడున్నర సెంటీమీటర్లు. 1800కి ఎనిమిది చిల్లర. 2300కి ఆరున్నర. 3500కి నాలుగు చిల్లర. ఒకే కొలతకు కోసిన కడ్డీ ఇన్నిటికి పాడలేదు. అందుకే వైడ్‌బ్యాండ్ కావాలి.

దీనికి పెద్దలు రెండు మూడు దారులు కనిపెట్టారు. ఒకటి లాగ్-పీరియాడిక్. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1950ల చివర్లో పుట్టింది. చిన్న కడ్డీ నుంచి పెద్ద కడ్డీ దాకా ఒక లెక్క ప్రకారం పెరుగుతూ పోతాయి, చేప ముల్లులాగా. ఏ ఫ్రీక్వెన్సీ వస్తే దానికి సరిపోయే రెండు మూడు కడ్డీలు పనిచేస్తాయి, మిగతావి ఊరుకుంటాయి. ఇంకోటి వివాల్డి. 1979లో గిబ్సన్ అనే ఆయన చెప్పాడు, సంగీతకారుడి పేరు పెట్టాడు. రాగి రేకులో ఒక సన్నటి చీలిక క్రమంగా విచ్చుకుంటూ పోతుంది, అచ్చం మన పెళ్ళి సన్నాయి మూతిలాగా. తరంగం తనకు సరిపోయే వెడల్పు దగ్గర గాల్లోకి దిగిపోతుంది. 1990ల చివర్లో యాగీనే పలక మీదికి దించిన క్వాసీ-యాగీ వచ్చింది. అందులో వెనక కడ్డీ పని అడుగున ఉన్న రాగి అంచే చేసిపెడుతుంది.

ఇక ప్రింటెడ్ అంటే, ఈ కడ్డీలన్నిటినీ సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలుగా దించడం. ఎఫ్ఆర్4 అనే పచ్చటి పలక, మీ కంప్యూటర్ మదర్‌బోర్డు చేసేదే. అల్యూమినియం గొట్టాలు కొయ్యక్కర్లేదు, వెల్డింగు అక్కర్లేదు. అందుకే ఇది పేదవాడి హార్డ్‌వేర్. రాగి పలక, ఫెర్రిక్ క్లోరైడు, ఇస్త్రీ పెట్టె, ఒక కనెక్టరు. ఇవి ఉంటే ప్రొద్దుటూరులో వాడి రూములోనే చేసుకోవచ్చు. బంగారంలో వెంట్రుకంత గీత గీయగల చేతులు ఆ ఊర్లో వీధి వీధికీ ఉన్నాయి, రాగి ఎంత!

మరి ఇంత సులువైన దాన్ని ఎవరూ ఎందుకు చెయ్యడం లేదు? ఎందుకంటే చేస్తే కొలవాలి. కొలిస్తే తప్పు బయటపడుతుంది. ఇది నాకు 2020లో తెలిసొచ్చింది.

లాక్‌డౌన్‌లో అందరిలాగే నేనూ ఊరికొచ్చి పడ్డాను. మా ఊర్లో సిగ్నల్ మిద్దె మీదే. పొద్దున పదింటికి స్టాండప్ కాల్. మే నెల, జమ్మలమడుగు ఎండ, మీకు తెలీనిది కాదు. తలమీద తువ్వాలు కప్పుకుని నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని "నో బ్లాకర్స్ ఫ్రమ్ మై సైడ్" అనేవాణ్ణి. పక్కింటామె మా అమ్మను అడిగిందంట, "పిల్లోడికి బెంగుళూరులో ఏమన్నా అయ్యిందా అక్కా, మిద్దె మీద కూచోని ఒక్కడే మాట్లాడుకుంటాండాడు" అని.

లాక్‌డౌన్ సడలించాక లాభం లేదని ఆన్‌లైన్లో ఒక లాగ్-పీరియాడిక్ యాంటెన్నా తెప్పించాను. బోర్డు మీద అచ్చేసినదే. నేను "డిజైన్ చేసిన" జాతిదే అన్నమాట. ఎనిమిది తొమ్మిది డీబీ గెయిన్ అని పెట్టె మీద రాసుంది. మిద్దె మీద గొట్టానికి కట్టి, సన్నటి కోయాక్సియల్ వైరు పది మీటర్లు కిందికి దించి, గదిలో 4జీ రౌటరుకు తగిలించాను. ఇంజనీరునే కదా!

ఏమీ మారలేదు. ఇంకాస్త దిగజారింది కూడా.

నాయన జమ్మలమడుగులో పాత టీవీ మెకానిక్కును పిలిపించాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మిద్దెల మీద యాంటెన్నాలన్నీ ఆయన చేత్తో కట్టినవే. ఆయనకు 4జీ అంటే ఏమిటో తెలీదు. కానీ నా ఫోను చూపించి "ఈ నంబరు సున్నా వైపు పోతే మంచిది" అని చెప్తే అర్థమైపోయింది. యాంటెన్నాను వేలెడంత తిప్పి ఆగేవాడు. నంబరు స్థిరపడేదాకా కదిలేవాడు కాదు. సుద్దముక్కతో గొట్టం మీద గుర్తు పెట్టుకునేవాడు. ఒక చుట్టు అలా తిరిగినాక "దిక్కు దొరికింది గానీ నాయనా, రావాల్సినంత రాల్యా. ఆ పెట్టెను పైకి తీస్కరా, ఈ వైరు తీసేసి మూరెడు వైరుతో పెట్టి సూద్దాం" అన్నాడు.

పెట్టాం. గదిలో మైనస్ 114 ఉన్న నంబరు మైనస్ 103కి వచ్చింది.

ఆ రాత్రి లెక్క కట్టుకున్నాను. నేను వాడిన సన్నటి వైరు 2300 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు ఒక డీబీ తింటుంది. పది మీటర్లకు పది డీబీ. అంటే పైన పట్టిన శక్తిలో పదోవంతే కిందికి దిగుతోంది. యాంటెన్నా కూడబెట్టినదంతా వైరు తినేసింది. దూరదర్శన్ ఫ్రీక్వెన్సీలు తక్కువ కాబట్టి ఆ కాలంలో వైరుకు ఇంత ఆకలి లేదు. ఆయనకు ఆ లెక్క తెలీదు, కానీ ఒక్కొక్కటీ తీసి చూడటం తెలుసు. నాకు లెక్క తెలుసు, పరీక్షలో పది మార్కులకు రాసి కూడా ఉన్నాను. చూడాలని మాత్రం తోచలేదు. మన భాషలో చెప్పాలంటే ఆయన డీబగ్ చేశాడు, నేను డాక్యుమెంటేషన్ చదివి ఊరుకున్నాను. ఆ మర్నాటి నుంచి రౌటరు మిద్దె మీద ప్లాస్టిక్ డబ్బాలో నీడకు ఉంది, నేను కింద ఫ్యాను కింద ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా ప్రాజెక్టులో, ఇంకా అలాంటి వేల ప్రాజెక్టుల్లో చూపించే ఆ ఒక్క గీతను ఎస్11 అంటారు. మీరు యాంటెన్నాలోకి పంపిన శక్తిలో ఎంత వెనక్కి వచ్చిందో చెబుతుంది. మైనస్ పది డీబీ అంటే పదిశాతం వెనక్కి, తొంభై శాతం లోపలికి. బాగానే ఉంది. కానీ లోపలికి పోయిన తొంభై శాతం గాల్లోకి పోయిందా, పలకను వేడిచేసిందా అన్నది ఎస్11 చెప్పదు. యాంటెన్నా తీసేసి, ఆ చోట ఒక మంచి యాభై ఓముల రెసిస్టరు పెట్టండి. ఎస్11 గీత మీరు జన్మలో చూడనంత అందంగా, కావలసినంత వైడ్‌బ్యాండ్‌గా వస్తుంది. అది మాత్రం ఒక్క మాట కూడా గాల్లోకి పంపదు. ఎఫ్ఆర్4 పలక రెండు మూడు గిగాహెర్ట్జ్ దాటాక బాగానే తింటుంది కాబట్టి, ఎస్11 కొంత అందంగా కనపడటానికి ఆ తిండి కూడా ఒక కారణం కావచ్చు. సర్వర్ 200 ఓకే ఇస్తోంది కాబట్టి కస్టమరుకు డబ్బు ముట్టిందనుకోవడం లాంటిది ఇది. మనలో ఎవడైనా అలా రిలీజు చేస్తే మేనేజరు ఊరుకుంటాడా?

ఆ టైటిల్ రెండు మాటలిస్తోంది: వైడ్‌బ్యాండ్, డైరెక్షనల్. రెండూ ఒకేసారి నిజం కావాలి. అంటే రెండు గిగాహెర్ట్జ్ దగ్గర ముందుకు చూసే యాంటెన్నా ఆరు దగ్గర కూడా ముందుకే చూడాలి, పక్కకి తలతిప్పకూడదు. ఇది గీతలో కనపడదు. యాంటెన్నాను తిప్పి తిప్పి చూడాలి. దానికి అనెకోయిక్ ఛాంబర్ కావాలి, కోట్లు కావాలి, మా కాలేజీలో లేదు సార్... ఇదే కదా మనందరం చెప్పిన మాట?

నేనూ అదే నమ్మాను. కానీ లెక్క చూడండి. పన్నెండు సెంటీమీటర్ల పలకకు 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర దూరక్షేత్రం, అంటే నమ్మకంగా కొలవగలిగే దూరం, యాభై ఆరు సెంటీమీటర్లకే మొదలవుతుంది. మిద్దె మీద నాలుగు మీటర్లు చాలు. ఒక చివర రౌటరు, ఇంకో చివర కర్ర స్టూలు మీద మన యాంటెన్నా, దాని కింద స్కూలు జామెట్రీ బాక్సులోని ప్రొట్రాక్టరు. పది డిగ్రీలకొక రీడింగు, ముప్ఫై ఆరు రీడింగులు. ఛానెల్ మార్చి మళ్ళీ ముప్ఫై ఆరు. గెయిన్ కావాలంటే మామూలు డైపోల్ పెట్టి చూసి, తేడాకు రెండు చిల్లర డీబీ కలుపుకోవాలి. పిట్టగోడా, నీళ్ళ ట్యాంకూ, పై అంతస్తు ఎప్పుడో వేస్తామని వదిలేసిన ఇనుప చువ్వలూ తరంగాన్ని తిప్పికొట్టి తప్పులు చూపిస్తాయి, నిజమే. ఐదారు డీబీల తప్పు రావచ్చు. అయినా ముందుకు చూస్తోందా, వెనక్కి చూస్తోందా అన్నది తెలిసిపోతుంది. స్క్రీన్‌షాటుకు అది కూడా తెలీదు.

ఎస్11కి కూడా లక్షల యంత్రం అక్కర్లేదిప్పుడు. 2019 నుంచి నానోవీఎన్ఏ అనే చిన్న పెట్టెలు దొరుకుతున్నాయి. మూడు గిగాహెర్ట్జ్, ఆరు గిగాహెర్ట్జ్ దాకా కొలిచేవి కూడా ఒక చవక స్మార్ట్‌ఫోను ధరలో ఉన్నాయి. సిమ్యులేషన్‌కి ఓపెన్ఈఎంఎస్ ఉచితం. పద్నాలుగు వేలకు కొనే అబద్ధం కంటే నిజం ఎక్కువ ఖరీదేం కాదు.

మన దేశంలో ఇది కొత్త కూడా కాదు. 1975-76లో సైట్ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ వచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పల్లెల్లో పెట్టిన మూడు మీటర్ల డిష్షులు దేనితో చేశారో తెలుసా? కోళ్ళ గూటికి కట్టే జల్లెడ తీగతో. ఆ తర్వాత 2000లలో పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళ అశ్విని ప్రాజెక్టు మామూలు వైఫైనే డైరెక్షనల్ యాంటెన్నాలతో ఊరి నుంచి ఊరికి పంపింది. వీళ్ళెవరూ గీత చూపించి ఊరుకోలేదు, టవరెక్కారు.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. దాన్ని చెప్పుకోవడానికే అసలు ఈ టపా.

2024లో మా కంపెనీ ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్లో నన్ను వేశారు. ఈసీఈ పిల్లలు చాలామంది. రెజ్యూమె మీద మైక్రోస్ట్రిప్ యాంటెన్నా అని కనపడగానే "ఓకే, ఊప్స్ కాన్సెప్ట్స్ చెప్పండి" అనేవాణ్ణి. యాంటెన్నా గురించి రెండో ప్రశ్న ఎవరినీ అడగలేదు. అడిగితే వాళ్ళు దొరికిపోతారని జాలి అనుకునేవాణ్ణి. నిజానికి నేను దొరికిపోతానని భయం.

ఒకరోజు పులివెందుల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నేను అడక్కుండానే చెప్పింది. "2.45 గిగాహెర్ట్జ్‌కి డిజైన్ చేశాం సార్. బోర్డు చేసి కొలిస్తే 2.37 దగ్గర వచ్చింది. పలక పర్మిటివిటీ 4.4 అనుకున్నాం, మాకు దొరికిన షీటు ఇంకా ఎక్కువ ఉన్నట్టుంది. రెండోసారి కొలత తగ్గించి చేసేటప్పటికి సెమిస్టరు అయిపోయింది సార్."

నేను విన్న యాంటెన్నా మాటల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. పర్మిటివిటీ పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గాల్సిందే, ఆమె చెప్పిన తేడా ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కొలవనివాళ్ళు ఆ అంకె చెప్పలేరు.

ఆమె వెళ్ళాక పక్కనున్న సీనియరు ఫారంలో రాశాడు: ప్రాజెక్టు ఫెయిల్డ్, ఇన్‌కంప్లీట్. కోడింగ్ రౌండులో ఆమెకు అటూ ఇటూగా మార్కులు. ఆ ఒక్క వాక్యం తూకం మొగ్గేలా చేసింది. అంతకుముందు వచ్చినతను స్క్రీన్‌షాటు గీత గడగడా అప్పజెప్పి పాసయ్యాడు. నేను నోరు తెరిచి "కాదు, ఆ అమ్మాయే ప్రాజెక్టు చేసింది" అని ఒక్క మాట అనొచ్చు. ఆ రోజు ఇంకా ఎనిమిది మంది మిగిలున్నారు, మధ్యాహ్నం రెండున్నరైంది, ఆకలి. సంతకం పెట్టాను.

ఇప్పుడు చెప్పండి, ప్రాజెక్టు సెంటర్లను తిట్టే హక్కు నాకుందా? అబద్ధం అమ్మేవాడు ఒకడైతే, దాన్ని పాస్ చేసి, నిజం చెప్పినవాళ్ళను ఫెయిల్ చేసేవాళ్ళం మనం. పిల్లలు తెలివైనవాళ్ళు. ఏది చెల్లుతుందో చూసి అదే తెచ్చుకుంటారు. "మనకు యాంటెన్నాతో పనేంటి, కోడింగ్ వస్తే చాలు" అనేవాళ్ళుంటారు. ఆ మాటా నిజమే. కానీ మనం రోజంతా చేసేదేమిటి? ఒకటి అనుకుని కట్టడం, అనుకున్నట్టు రాకపోతే ఎందుకో వెతకడం. ఆ అమ్మాయి 0.08 గిగాహెర్ట్జ్ తేడాను వెతికి పట్టుకుంది. ప్రొడక్షన్ బగ్గును పట్టుకోవడానికి ఇంతకంటే వేరే గుణం కావాలా?

అందుకని రెండు మాటలు అడుగుతున్నా.

ఒకటి. ఈసారి మీ ముందు ఈసీఈ పిల్లలు కూర్చుంటే "ఎలా కొలిచావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. కొలవలేదంటే ఫెయిల్ చెయ్యమని కాదు, వాళ్ళ కాలేజీలో పరికరం ఉండకపోవచ్చు. కానీ కొలిచానని, తప్పొచ్చిందని ఎవరైనా అంటే అక్కడ ఆగండి. పూర్తిగా వినండి. ఫారంలో ఆ సంగతి రాయండి.

రెండు. మనం చదివిన కాలేజీకి ఒక చిన్న వీఎన్ఏ పంపుదాం. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2006లో వచ్చింది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో. ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇవి కాక ప్రైవేటువి. వాటినుంచి ఎంతమందిమి బెంగుళూరు, హైదరాబాదు, డాలస్ చేరామో! నలుగురు బ్యాచ్‌మేట్లు ఒక వీకెండు బిర్యానీ మానేస్తే పెట్టె వస్తుంది. పంపి ఊరుకుంటే అది బీరువాలో తాళం వేసి పెడతారేమోనని మీకు అనుమానం ఉంటే (నాకూ ఉంది), సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు ఒక పూట పోయి నలుగురు పిల్లలతో మిద్దె ఎక్కండి.

ఇక మా తమ్ముడి సంగతి. రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసి "కొనొద్దురా, చేద్దాం" అన్నాను. అటు వైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "మార్కులు పోతే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. "పోవచ్చు" అన్నాను. ఇంకేమని చెప్పను? వాడి జట్టులో ఒకడు తప్పుకుని సెంటర్ దారి పట్టాడు. ముగ్గురు మిగిలారు.

మొదటి బోర్డు ఫెర్రిక్ క్లోరైడులో ఎక్కువసేపు ఉంచి గీతల అంచులన్నీ తినేయించారు. రెండోది లాగ్-పీరియాడిక్. దాంట్లో కడ్డీల చేతులు ఒకటి పలక పైన, తర్వాతిది కింద, అలా మారుతూ పోవాలి. రెండు పక్కలూ సరిగ్గా కలవకపోతే అంతా గోవింద. నాలుగు మూలలా గుండుసూదితో రంధ్రాలు పొడిచి కలిపారు. అది పనిచేసింది. ఉత్సాహం ఎక్కువై "అన్నా, దీంతో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకి వైఫై పంపొచ్చా?" అన్నాడు. కూర్చుని లెక్క కట్టాం. గీత గీస్తే సుమారు ఇరవై ఒక్క కిలోమీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర దారిలోనే 126 డీబీ పోతుంది. రెండు వైపులా ఎనిమిది డీబీ పలకలు పెట్టి ఇరవై డీబీఎంతో పంపితే మైనస్ 90 చేరుతుంది, అంటే రౌటరు చెవికి వినపడీ వినపడనట్టు. ఇరవై నాలుగు డీబీ డిష్షులు పెడితే, మన దేశంలో చట్టం ఒప్పుకునే నాలుగు వాట్ల పరిమితికి లోబడి పంపే శక్తిని పన్నెండుకు తగ్గించినా, మైనస్ 66 వస్తుంది. పంపడానికి పరిమితి ఉంది గానీ వినడానికి లేదు కదా! అయితే మధ్యలో భూమి వంపే ఆరున్నర మీటర్లు, తరంగానికి కావలసిన ఖాళీ ఇంకో పదిహేను. టవర్ కావాలి. పులివెందులకైతే యాభై కిలోమీటర్లు, దారిలో కొండలు, అది మానుకో అన్నాను. వాడి పలక మూడు కిలోమీటర్ల దాకా మర్యాదగా మాట్లాడుతుంది. ఆ అంకె వాళ్ళ రిపోర్టులో ఉంటుంది, ఎవరి మెయిల్లోనూ వచ్చింది కాదు.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేశాడు. మిద్దె మీద ఉన్నారు ముగ్గురూ. ఒకడు స్టూలు తిప్పుతున్నాడు, ఒకడు ఫోనులో నంబర్లు చదువుతున్నాడు, వీడు నోటుబుక్కులో రాస్తున్నాడు. 2.4 దగ్గర బుద్ధిగా ముందుకు చూసిన యాంటెన్నా 5.8 దగ్గర ముప్ఫై డిగ్రీలు పక్కకు చూస్తోందట. ఎందుకో తెలీలేదు. కనెక్టరు దగ్గర టంకం మీద నాకు అనుమానం, వాడికి పక్కింటివాళ్ళ ఇనుప చువ్వల మీద.

"చువ్వలకు దూరంగా జరిపి చూడు. వచ్చెనా?" అన్నాను.

"రాల్యా అన్నా. ఉండు, ఇంగో పది డిగ్రీలు తిప్పుతాం."